మంచు పందానికి ఎడారి రోడ్డు మీద సాధన

బహ్రెయిన్‌కు నేను ఊరు చూడడానికి వెళ్ళలేదు. మా ఆఖరి చెల్లెలు కరుణ రమ్మంది, వెళ్ళాను. మేము అయిదుగురం. నేను పెద్దదాన్ని, కరుణ చివరిది. చీరాలలో టీచరు ఉద్యోగం చేసుకుంటూ అందరినీ ఓ ఒడ్డుకు చేర్చాక, ఎవరింట్లో చిక్కొచ్చినా నాకు కబురు రావడం అలవాటయింది. ఈసారి చిక్కు కరుణ కూతురు రూతు. ఇరవై ఏళ్ళ పిల్ల. ఈసా టౌన్‌లో ఇండియన్ బడిలో చదివినన్నాళ్ళూ పరుగు పందేల్లో దానిదే మొదటి స్థానం. తరువాత హిమాచల్‌లో ఒక వ్యాయామ కళాశాలలో చేరి, అక్కడ మంచు మీద స్కీయింగ్ నేర్చింది. కొండ మీంచి కిందికి జారే రకం కాదు. కాళ్ళకు పొడవాటి సన్నని బద్దలు తగిలించుకుని, రెండు చేతులా కర్రలు పొడుస్తూ, ఎత్తుపల్లాల మీద మైళ్ళకొద్దీ సాగే పందెం. కిందటి చలికాలం జట్టు ఎంపిక పందెంలో వెనకబడిపోయింది. ఈ జనవరి చివర మళ్ళీ ఎంపిక. క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల, తిరిగి వెళ్తానని గానీ వెళ్ళనని గానీ అనదు. తండ్రి ప్రకాశరావు తను పనిచేసే ఓడల మరమ్మతు యార్డులో టైపిస్టు ఉద్యోగం చూసిపెట్టాడు. దానికీ అవుననదు, కాదనదు. "ఏదడిగినా 'మీ ఇష్టం' అంటుంది. నువ్వొచ్చి తేల్చు అక్కా" అని కరుణ ఊరికొచ్చినవాళ్ళతో చెప్పి పంపింది.

ఇలా అయినవాళ్ళింటికి వెళ్ళేవారికోసం ప్రయాణం సంగతి కొంచెం చెబుతాను. వీసా అక్కడున్నవాళ్ళే తీసి పంపాలి. బొంబాయి నుంచి విమానం నాలుగు గంటల లోపే. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. విమానాశ్రయం ముహర్రక్ దీవిలో ఉంది, మావాళ్ళ ఇల్లు అదే దీవిలో అరాద్‌లో. దిగిన అరగంటకల్లా కరుణ వంటింట్లో కూర్చుని టీ తాగుతున్నాను. విమానాలు ఇంటిమీదుగా దిగుతాయి. మాట మధ్యలో అందరూ ఆగి, చప్పుడు పోయాక విడిచినచోటే అందుకుంటారు. దినారుకు వెయ్యి ఫిల్సులు, మన డబ్బులో ముప్పై రూపాయల పైచిలుకు. ముహర్రక్ నుంచి మనామాకు బస్సు యాభై ఫిల్సులు. సౌదీకి సముద్రం మీద వేసిన వంతెన ఈ మధ్యే తెరిచారు, వచ్చిన ప్రతి చుట్టాన్నీ అది చూపించడానికి తీసుకువెళ్తున్నారు. నన్నూ తీసుకువెళ్ళారు. పొడవుగా ఉంది.

పది రోజులున్నాను. రూతుతో ఏమీ తేల్చలేదు. తెల్లవారకముందే లేచి ప్రార్థన చేసుకోవడం నా అలవాటు. ఆ వేళకే రూతు వరండాలో కూర్చుని తన బద్దల చక్రాలకు నూనె పెడుతూ కనిపించేది. మంచు లేనిచోట సాధనకు వాటిని వాడతారట. బద్ద మూడడుగులకు తక్కువుంటుంది. కింద ముందొకటి, వెనక రెండు రబ్బరు చక్రాలు. బూటు ముందుకొస మాత్రమే దానికి బిగుస్తుంది, మడమ పైకి లేస్తుంది. బ్రేకు లేదు. కళాశాలలో శిక్షకుడు పాతది ఒక జత ఇచ్చాడని చెప్పింది. వెళ్తానని అనని పిల్ల రోజూ చక్రాలకు నూనె ఎందుకు పెడుతోందో నేను అడగలేదు. గురువారం రాత్రి అన్నాల దగ్గర, "రేపు నువ్వు వెళ్ళే రోడ్డుకు నన్నూ తీసుకెళ్ళు" అన్నాను. శనివారం పొద్దున బొంబాయి విమానానికి మా ఇద్దరికీ టిక్కెట్లున్నాయి. యార్డువాళ్ళకు ప్రకాశరావు జవాబు చెప్పాల్సిందీ ఆ శనివారమే. కాబట్టి మిగిలింది ఆ ఒక్క శుక్రవారం.

శుక్రవారం అక్కడ సెలవు. పొద్దున ఆరున్నరకు మహబూబ్ కారు వచ్చింది. మహబూబ్‌ది నిజామాబాదు వైపు పల్లెటూరు. ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. కఫీల్, అంటే తనని పనిలో పెట్టుకున్న యజమాని, శుక్రవారం పొద్దున బండి ఇతనికి వదిలేస్తాడు. తెలిసినవాళ్ళని తిప్పి నాలుగు దినార్లు తీసుకుంటాడు, పెట్రోలు మనది. టాక్సీవాళ్ళయితే అంతదూరానికి రెట్టింపు అడుగుతారు. అతనిది ఒకటే షరతు, పదకొండున్నరకల్లా జుమా నమాజుకు ముహర్రక్ చేరాలి. "అమ్మా, మీరు ముంగట కూసోండ్రి. బేటీ లకడీలు డిక్కీల పట్టయి, కిటికీల నుంచి బయటికి పెట్టాలె" అన్నాడు. రూతు కర్రలు కిటికీలోంచి రెండు మూరలు బయటికి చూస్తుండగా బయలుదేరాం.

ముహర్రక్ బజారులో మట్టిపొయ్యి రొట్టెల దుకాణం దగ్గర ఆగాం. వంద ఫిల్సులిస్తే ముగ్గురికి సరిపడా పలుచని వేడి రొట్టెలు వస్తాయి. పక్క కొట్లో ఉడికించిన శనగలు దొరుకుతాయి. రూతు వెళ్ళి వరుసలో నిలబడింది. నేను కారులోంచి చూస్తున్నాను. ఒక ముసలాయన వచ్చాడు, రూతు వెనక్కి జరిగి ముందుకు రానిచ్చింది. ఇద్దరు పనివాళ్ళు వచ్చారు, వాళ్ళనీ రానిచ్చింది. నల్లటి అబాయా వేసుకున్న ఇల్లాలు వచ్చింది, ఆమె వెనకే ఆమె చెల్లెలు. దుకాణంవాడు పొయ్యిలోంచి తీసిన ప్రతి రొట్టే ఎవరి చేతికో వెళ్ళిపోతోంది.

మహబూబ్ స్టీరింగు మీద గడ్డం ఆనించి చూశాడు. "ప్రతి శుక్రారం గిదే తమాషా అమ్మా. గీ బేటీ రొట్టె తెచ్చేదాకా నేను ఒక నిద్ర తీస్త."

"నువ్వెళ్ళి తేవచ్చుగా?"

"అడిగిన. అంకుల్, మీరు కూసోండ్రి అంటది. మర్యాద జాస్తి."

చివరికి దుకాణంవాడే విసుగొచ్చి వరుసలోంచి రూతును వేలితో పిలిచి, రొట్టెలు కాగితంలో చుట్టి, "యల్లా, యల్లా", అంటే పద పద, అని చేతిలో పెట్టాడు. అది సంతోషంగా వచ్చి కూర్చుంది. అలా వెనక్కి జరగడం తప్పని దానికి తోచలేదు. నిజానికి నాకూ తోచలేదు. మా కుటుంబంలో పిల్లలు పెద్దవాళ్ళను దాటి నడవరు, పెద్దవాళ్ళు గుమ్మంలో ఉంటే వాళ్ళంతట వాళ్ళు కదిలేదాకా నిలబడతారు. చూసినవాళ్ళు మెచ్చుకుంటారు. కరుణ అయితే ఇంత దూరదేశంలోనూ పిల్లను అలాగే పెంచానని అందరికీ చెప్పుకుంటుంది.

ముహర్రక్ నుంచి సముద్రం మధ్య గట్టు మీదుగా మనామా, అక్కడినుంచి దక్షిణంగా ఈసా టౌన్, రిఫా, ఆపైన చమురు కంపెనీవాళ్ళు కట్టుకున్న అవాలీ. అంతవరకు మంచి వెడల్పు రోడ్డు. అవాలీ దాటాక దుకాణాలు లేవు, మంచినీళ్ళు మనమే మోసుకెళ్ళాలి. దీవి మధ్యలో జబల్ దుఖాన్ అనే చిన్న కొండ ఉంది. మన కంటికి దిబ్బలాగే ఉంటుందిగానీ ఆ దేశానికంతటికీ అదే ఎత్తు. దానికి ఇవతల చమురు గొట్టాల పక్కనే ఒక పాత తారురోడ్డు దక్షిణానికి పోతుంది. రెండు వైపులా ఇసుక మేటవేసి, నడుమ నాలుగడుగుల పట్టీ మాత్రం శుభ్రంగా ఉంటుంది. శుక్రవారం కంపెనీ బండ్లు తిరగవు. రూతు సాధన చేసేది అక్కడే. మేము చేరేసరికి ఏడున్నర దాటింది. చలిగాలి ఉత్తరం నుంచి వీస్తోంది. స్వెటరు ఉండాలి, నేను శాలువ కప్పుకున్నాను.

రూతు వదులుగా ఉన్న ట్రాక్‌సూటు మీద తలకు గుడ్డ కట్టుకుంది. కారు డిక్కీ మీద కూర్చుని బద్దలు బిగించుకుంది. లేచి నిలబడి రెండు కర్రలూ ఒక్కసారి పొడిచేసరికి, ఇంట్లో తలవంచుకుని తిరిగే పిల్ల కనిపించలేదు. ఎడమ కాలు తోస్తే కుడి కాలు సాగుతుంది, కుడి చెయ్యి ముందుకు చాస్తే ఎడమ చెయ్యి వెనక్కి పోతుంది. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా ఆగడం లేదు. చక్రాల సన్నని గరగర, కర్రల మొనలు తారు మీద టక్ టక్, అంతే. మేము కారులో వెనక నెమ్మదిగా వెళ్తున్నాం. "ఇరవై మీద ఉన్నది" అన్నాడు మహబూబ్ స్పీడు ముల్లు చూపించి. ఇంత వచ్చిన పిల్ల ఎలా వెనకబడిందో నాకు అర్థం కాలేదు.

కాసేపటికి ముందు రెండు సైకిళ్ళు కనిపించాయి. వయసు మళ్ళిన ఇద్దరు పనివాళ్ళు, ఒకాయన వెనక ఉల్లిపాయల సంచి, రెండో ఆయన వెనక పెద్ద గిన్నె. ఏదో క్యాంపులో స్నేహితుల దగ్గరికి శుక్రవారం వంటకు పోతున్నట్టున్నారు. పట్టీ నడుమ పక్కపక్కనే తొక్కుతూ కబుర్లు చెప్పుకుంటున్నారు. రూతు వాళ్ళను అందుకుంది. అందుకుని, వేగం తగ్గించేసింది. వాళ్ళ వెనకే, ఒక కర్ర దూరంలో, మాట లేకుండా సాగుతోంది. వాళ్ళకు వెనక ఒకరున్నారని తెలియదు. గాలి, కబుర్లు. అలా ఒక మైలు పోయింది. చక్రాలు ఆడే వేగం కూడా లేక, అది అడుగులు వేస్తోంది.

"గా ముసలోళ్ళ ఎనుక పెండ్లి బారాత్ లెక్క ఏంది బేటీ?" అని మహబూబ్ కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచాడు. రూతు వెనక్కి తిరిగి నవ్వి, పరవాలేదన్నట్టు కర్ర ఊపింది. ఇతను హారన్ మోగించాడు. సైకిళ్ళవాళ్ళు ఉలిక్కిపడి పక్కకు తిప్పారు. అంతకు రెండింతలు ఉలిక్కిపడి రూతు ఇసుకలోకి దిగిపోయి మోకాళ్ళ మీద పడింది.

కారు ఆపించి దిగాను. సైకిళ్ళవాళ్ళు అయ్యో అనుకుంటూ ముందుకు సాగిపోయారు. మోకాలికి దెబ్బేమీ తగలలేదు, ఇసుక దులిపాను. మంచినీళ్ళు ఇచ్చాను. ఇద్దరం గొట్టం నీడన కూర్చున్నాం. నేనేమీ అడగలేదు. అడక్కుండా కూర్చుంటే రూతు మాట్లాడుతుందని ఆ పది రోజుల్లో గమనించాను.

"కిందటేడు కూడా ఇంతే పెద్దమ్మా" అంది కొంతసేపటికి. "పందెంలో అందర్నీ ఒక్కసారి వదలరు. ఒకళ్ళ తరువాత ఒకళ్ళు, అర నిమిషం తేడాతో. మంచులో నడవడానికి గాడి వేసి ఉంటుంది. నేను బాగా వెళ్ళాను. ఎక్కుడు మొదలయ్యేసరికి నాకంటే ముందు వదిలిన దోల్మా అక్కని అందుకున్నాను. దోల్మా అక్కంటే నా గదిలో ఉంటుంది. నాకు బద్దలు కట్టుకోవడం నేర్పిందే తను."

"అయితే?"

"వెనకనుంచి ట్రాక్ అని అరవాలి. అరిస్తే ముందున్నవాళ్ళు గాడిలోంచి తప్పుకోవాలి. రూలది. ఎవరూ తప్పనుకోరు." రూతు కర్ర మొనతో ఇసుకలో గీత గీసింది. "నోరు తెరిచాను పెద్దమ్మా. అక్కని తప్పుకోమని ఎలా అంటాను? ఎక్కుడంతా అక్క వెనకే వెళ్ళాను. అక్క అలిసిపోయింది, నాకు తెలుస్తోంది. అయినా వెనకే ఉన్నాను. ఈలోగా నా వెనకనుంచి ఎవరో ట్రాక్ అన్నారు. నేను తప్పుకున్నాను. ఇంకొకళ్ళు అన్నారు. తప్పుకున్నాను."

"దోల్మా ఏమంది?"

"గదికొచ్చాక తిట్టింది. నువ్వు వెనకున్నావని తెలిస్తే నేనే పోనిచ్చేదాన్ని కదే మొద్దూ, అంది. అది ఇంకా బాధ."

"కాళ్ళలో బలం లేక కాదన్నమాట."

"కాళ్ళకేం పెద్దమ్మా" అంది రూతు. "మళ్ళీ వెళ్తే మళ్ళీ అంతే చేస్తాను. ఆ మాట ఇంట్లో చెప్తే నాన్న నవ్వుతారు. అమ్మ సంతోషిస్తుంది."

కరుణ సంతోషిస్తుందన్నది నిజమే. నేను కాసేపు కళ్ళు మూసుకున్నాను. తరువాత లేచి, శాలువ మహబూబ్ చేతికిచ్చి, రోడ్డు నడుమకు వెళ్ళాను. "నేను ముందు నడుస్తాను. నువ్వు వెనకనుంచి రా. నన్ను తప్పుకోమను."

"నిన్నా?" అంది.

"ఈ రోడ్డు మీద నాకంటే పెద్దవాళ్ళెవరూ లేరు."

మొదటిసారి అది ఇసుకలోకి దిగి నా పక్కనుంచి నడిచి వచ్చేసింది. "అలా కాదు" అన్నాను. రెండోసారి దగ్గరికి వచ్చి దగ్గింది. నేను నడుస్తూనే ఉన్నాను. మూడోసారి, "పెద్దమ్మా... కొంచెం... ట్రాక్..." అని వినిపించింది. వెనక్కి తిరగకుండానే, "నాకేం వినపడలేదు" అన్నాను.

"చెవిల మంత్రం జెప్పినట్టు జెప్తే గీ గాలికి ఎవలకు ఇనవడ్తది బేటీ?" అన్నాడు మహబూబ్. అతను కారు బానెట్ ఎక్కి కూర్చుని రొట్టె తింటూ చూస్తున్నాడు. "మా అమ్మీ బర్రెను పిలుస్తే మూడు ఊర్లకు ఇనవడేది. గట్ల పిలువు!"

"పెద్దమ్మని బర్రెని పిలిచినట్టు పిలవమంటారా అంకుల్?"

"బర్రె నయం. జరుగుతది."

నాకూ నవ్వొచ్చింది. ముందుకు వెళ్ళాం. కొంత దూరం పోయాక రోడ్డు కొండ మొదలు నుంచి కిందికి వాలుతుంది. ఆ వాలు మొదట్లో నేను నడక మొదలుపెట్టాను. రూతు చాలా వెనకనుంచి బయలుదేరింది. వాలు కాబట్టి దానికి వేగం ఆగదు. గరగర దగ్గరవుతోంది. టక్ టక్ ఆగిపోయింది, అంటే ఇక తొయ్యడం లేదు, బద్దలే లాక్కొస్తున్నాయి. అప్పుడు వినిపించింది.

"ట్రాక్! తప్పుకో పెద్దమ్మా!"

నేను ఆగిపోయాను. ఆగి, వెనక్కి తిరిగి చూశాను.

నన్ను తప్పుకొమ్మని అంతవరకు ఎవరూ అనలేదు. మా ఇంట్లో నేను ఎక్కడ నిలబడితే అక్కడ అందరూ చుట్టూ తిరిగి వెళ్తారు. ఆ పిలుపు నాకే అన్న సంగతి బుర్రకెక్కేలోగా రూతు మీదికి వచ్చేసింది. దాని కళ్ళు ఇంతింత అయ్యాయి. "జరుగూ!" అని ఇంకో కేక పెట్టింది. ఈసారి నా కాళ్ళు వాటంతట అవే ఇసుకలోకి దూకాయి. అది నన్ను రాసుకుంటూ దూసుకుపోయింది. నేను ఇసుకలో కూలబడ్డాను. ఒక చెప్పు ఎటో పోయింది.

మహబూబ్ కారు వదిలి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా! ఇరిగిందా ఏమన్న?"

"ఏమీ విరగలేదు. చెప్పు చూడు."

రూతు అల్లంత దూరాన ఆగి, బద్దలు విప్పి చేతపట్టుకుని, బూట్లతోనే రోడ్డంట పరుగెత్తుకొచ్చింది. ముఖం తెల్లగా పాలిపోయింది. "పెద్దమ్మా, నేను అరిచాను! ఎందుకు తప్పుకోలేదు? అరిస్తే తప్పుకోవాలని చెప్పానుగా! వెనక్కి తిరిగి చూస్తారా ఎవరైనా?" అని నా మీద కేకలేసింది. నేను వింటున్నాను. మధ్యలో ఎక్కడో తను ఎవరి మీద కేకలేస్తోందో దానికి తెలిసి, ఠక్కున నోరు మూసుకుంది.

"ఆపావేం? కానీ" అన్నాను. "తప్పు నాదే."

మహబూబ్ చెప్పు వెతికి తెచ్చాడు. మళ్ళీ వాలు ఎక్కాం. ఈసారి కేక వినిపించగానే చూడకుండా ఎడమకు జరిగాను. గాలి చీర కొంగును లాగింది. మరుక్షణం అది నా ముందు ఉంది, వీపు మాత్రం కనిపిస్తోంది. ఇంకోసారి చేశాం, ఆ తరువాత ఇంకోసారి. చివరికి నాకూ తప్పుకోవడం అలవాటయింది.

తిరుగు ముఖం పట్టేముందు రూతు ఇంకాస్త దక్షిణానికి పోతానంది. మేము వెనక కారులో. ఇందాకటి సైకిళ్ళ పెద్దవాళ్ళు దారిలో ఆగి బీడీలు కాల్చుకున్నట్టున్నారు, మళ్ళీ పట్టీ నడుమ పక్కపక్కనే తొక్కుతూ కనిపించారు. మహబూబ్ చెయ్యి హారన్ మీదికి పోయింది. వద్దన్నాను. రూతు వాళ్ళను సమీపించింది. వేగం కొంచెం తగ్గినట్టే అనిపించింది. ఏమీ వినిపించలేదు. ఇంకా దగ్గరికి వెళ్ళింది. నేను మనసులో దేవుని పేరు తలుచుకున్నాను.

"భాయ్ సాబ్! ట్రాక్!"

ఆ ముక్క వాళ్ళకు ఏం తెలుస్తుంది? అయినా గొంతు అర్థమైంది. ఉల్లిపాయలాయన ఇటు, గిన్నె ఆయన అటు చీలారు. రూతు నడుమనుంచి పోయింది. గిన్నె ఆయన ఒక చెయ్యి గాలిలోకి ఎత్తి, "అరే జా బేటీ, జా!" అని వెనకనుంచి అరిచాడు. వాళ్ళెవరికీ కోపం రాలేదు. కారులో మేము వాళ్ళను దాటేటప్పుడు కూడా ఇంకా నవ్వుకుంటూనే ఉన్నారు.

"ఖలాస్" అన్నాడు మహబూబ్. "ఇగ వచ్చే శుక్రారం రొట్టెలు జల్ది వస్తయి."

"వచ్చే శుక్రవారం ఇక్కడుంటుందో లేదో" అన్నాను. అతను నా వైపు చూసి గేరు మార్చాడు. జుమాకు పది నిమిషాల ముందే ముహర్రక్‌లో దిగబెట్టాడు. నాలుగు దినార్లతో పాటు మరో అర దినారు ఇవ్వబోతే, "చెప్పు ఎతికినందుకా?" అని తీసుకోలేదు.

ఇంట్లో రూతు ఏమీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మధ్యాహ్నం కరుణ చేసిన కోడిపలావు తిని నాలుగింటికి ఈసా టౌన్ బయలుదేరాం. అక్కడ ఒకరింట్లో ప్రతి శుక్రవారం తెలుగువాళ్ళ ప్రార్థన కూటం జరుగుతుంది. ముహర్రక్ నుంచి బస్సులో వెళ్ళేవాళ్ళు మనామాలో మారాలి. ఎవరు కొత్తగా వచ్చినా ఆప్యాయంగా కూర్చోబెడతారు. హాల్లో చాపలు పరిచి ముప్పై మంది దాకా కూర్చున్నాం. పాటలయ్యాక కూటం నడిపే పెద్దాయన ప్రార్థన మనవులు చెప్పమన్నారు. అక్కడి పద్ధతి అది. ఎవరికి ఏ అవసరముందో లేచి చెబితే, అందరూ దానికోసం ప్రార్థిస్తారు. ఒకరు వీసా అన్నారు, ఒకరు ఊళ్ళో తల్లికి కంటి ఆపరేషన్ అన్నారు.

కరుణ లేచింది. "ప్రభువు మా రూతుకు మంచి ఉద్యోగం చూపించాడు. ఇక్కడే, నాన్నతోపాటే..."

"అమ్మా, ఆగు."

అది పెద్ద గొంతు కాదు. కానీ హాలంతా వినిపించింది. కరుణ తిరిగి చూసింది. రూతు తల్లి పక్కనే లేచి నిలబడింది. "నేను చెప్తాను. నేను రేపు పెద్దమ్మతో వెళ్తున్నాను. నెలాఖరుకు పందెం ఉంది."

మగవాళ్ళ వైపు నుంచి ప్రకాశరావు, "మరి యార్డువాళ్ళకేం చెప్పనే?" అన్నాడు. అంతమందిలో అడగాల్సిన మాట కాదని అన్నాక తోచి, చుట్టూ చూశాడు.

"రాదని చెప్పండి నాన్నా."

ఎవరో చిన్నగా నవ్వారు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, "మంచిది తల్లీ. అయితే అందరం రూతు గెలుపు కోసం..." అని మొదలుపెట్టారు.

"గెలుపు కాదండీ" అంది రూతు. ఆయన్నీ ఆపింది. ఆ మాట అన్నాక చెవులు ఎర్రబడ్డాయి, కానీ కూర్చోలేదు. "ముందున్నవాళ్ళని పిలవాల్సి వస్తే నాకు గొంతు రావాలని చెయ్యండి. అది చాలు."

ఆయనకు పూర్తిగా అర్థమైనట్టు లేదు. "పెద్దమ్మగారున్నారు కదా, వారు చేస్తారు" అని నా వైపు తిప్పారు. అందరూ తలలు వంచారు. నేను లేచి, "ప్రభువా, ఈ పిల్ల పిలిచినప్పుడు ముందున్నవాళ్ళకు వినపడనియ్యి. ఆమేన్" అన్నాను. అందరూ ఇంకా ఉంటుందనుకుని కళ్ళు మూసుకునే ఉన్నారు. కాస్త ఆలస్యంగా ఒక్కొక్కరే ఆమేన్ అన్నారు.

కూటం అయ్యాక టీ గ్లాసులు కడగడానికి కరుణ వంటింట్లోకి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. అది పంపు తిప్పి, నీళ్ళు పోతుంటే చూస్తూ నిలబడింది. "అంతమందిలో నన్ను ఆగు అంది అక్కా. విన్నావా?"

"విన్నాను."

"పుట్టి ఇన్నేళ్ళయింది, ఎప్పుడన్నా అందా అలాగ?"

"పొద్దున నన్ను జరుగు అంది."

కరుణ నా వైపు తిరిగింది. "నిన్నా? జరుగు అనా?"

"తప్పుకో అని కూడా అంది."

"మరి నువ్వేం చేశావు?"

"మొదట జరగలేదు. ఇసుకలో పడ్డాను. రెండోసారి జరిగాను."

దానికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తడి చేత్తోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంచెంసేపటికి పంపు కట్టేసి, "రేపు విమానం ఎన్నింటికి? దానికి స్వెటర్లు ఇంకా సర్దలేదు" అంది.

ఈ నాలుగు మాటలూ బొంబాయి నుంచి మద్రాసు వచ్చే రైల్లో రాస్తున్నాను. రూతు బొంబాయిలోనే ఉత్తరాది రైలెక్కింది. పందెం ఇంకా జరగలేదు. అందులో దాని స్థానం ఏదో నాకు తెలియదు, దాని గురించి నేను ప్రార్థించడం లేదు కూడా. పిల్లలకు ధైర్యం చెప్పడమంటే వెనక నిలబడి భుజం తట్టడమని ఇన్నేళ్ళూ అనుకున్నాను, బడిలోనూ అదే చేశాను. ఆ రోడ్డు మీద చేసిన పని వేరు. నేను దాని ముందు నిలబడ్డాను, అది అడిగాక పక్కకు వెళ్ళాను. పెద్దవాళ్ళు అలా చేయగలరని ఆ పిల్ల ఒకసారి కళ్ళారా చూసింది. ఇక దోల్మా ముందున్నా, మరొకరు ముందున్నా, అడగడానికి దానికి ఒక గుర్తు ఉంటుంది. నా మోకాలు ఇంకా కొంచెం పట్టేసినట్టుంది. మంచిదే అనిపిస్తోంది.

అటు వెళ్ళేవారికి ఒక సూచన. ఆ దక్షిణపు రోడ్డు మీద గాలి ఎక్కువ. వెనకనుంచి పిలుపు వినిపించేసరికి మనిషి దగ్గరికి వచ్చేసి ఉంటారు. అందుకని, పిలిచింది ఎవరా అని తిరిగి చూడకండి. ముందు పక్కకు జరగండి. చూడాలనుంటే తరువాత చూడవచ్చు, అప్పటికి వాళ్ళు మీ ముందే ఉంటారు.